డెత్ వ్యాలీ మట్టిదారుల్లో తొలి ట్రిప్: ముందు తిరుగుదారి లెక్క చూసుకోండి

మొదటిసారి వెళ్లేవాళ్లు మ్యాప్ ముందేసుకుని చూడాల్సిన చోట్లన్నిటికీ గుర్తులు పెట్టుకుంటారు. రేస్‌ట్రాక్ (రాళ్లు కదిలే ఎండిన చెరువు), యురేకా ఇసుకదిబ్బలు, సెలైన్ వ్యాలీ వేడినీటి బుగ్గలు, అన్నీ మూడు రోజుల్లోనే. నేనూ అలాగే చేశాను. ఆ ట్రిప్పులో ఏం చూశానో సగం మర్చిపోయాను గానీ, దారి పక్కన టైరు మారుస్తూ గడిపిన రెండు గంటలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటినుంచి ప్లాన్ తిరగేసి వేస్తున్నాను. ఈ దారిలో అన్నిటికంటే దూరంగా ఉన్న చోట బండి ఆగిపోతే అక్కణ్ణుంచి తారురోడ్డుకి ఎలా చేరతాను? దీనికి జవాబు దొరికాకే మిగతావి.

డెత్ వ్యాలీ నేషనల్ పార్కు సైజు తెలిస్తే ఆ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల్లో కలిపి దాదాపు 34 లక్షల ఎకరాలు. అలాస్కా, హవాయి పక్కన పెడితే అమెరికాలో ఇంతకంటే పెద్ద నేషనల్ పార్కు లేదు. తారురోడ్డు మీద తిరిగేవాళ్లు చూసేది అందులో ఒక అంచు మాత్రమే. మిగతాదంతా మట్టిదారులు, ఎండు వాగులు, పాడుబడ్డ గనులు. మట్టిదారుల్లో చాలాచోట్ల గంటల తరబడి ఇంకో బండి కనపడదు.

మొదటి పని: కాలం చూసుకోవడం

నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లండి. మే నుంచి సెప్టెంబరు దాకా మట్టిదారుల జోలికి పోవద్దు, ఇందులో బేరం లేదు. 1913 జులై 10న పార్కు లోపలి ఫర్నెస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది, మన లెక్కలో 56.7 సెల్సియస్. ఆ రీడింగ్ మీద వాతావరణ శాస్త్రవేత్తల్లో వాదనలున్నాయి. అది పక్కన పెట్టినా, 120 దాటే రోజులు ప్రతి వేసవిలోనూ ఉంటాయి. ఆ వేడిలో గాలి పలచబడి రెస్క్యూ హెలికాప్టర్ కూడా క్షేమంగా ఎగరలేదు. 2024 జులైలో సరిగ్గా ఇలాంటి రోజునే సాయం కోసం హెలికాప్టర్ రాలేకపోయింది.

ఇంత వేడి చోటు కదా, శీతకాలంలో చలి ఉండదని కూడా అనుకోవద్దు. బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంటే, దానికి ఎదురుగా టెలిస్కోప్ శిఖరం 11,049 అడుగుల ఎత్తున ఉంటుంది. వెయ్యి అడుగులు ఎక్కితే ఉష్ణోగ్రత మూడు నుంచి ఐదు ఫారన్‌హీట్ డిగ్రీలు పడిపోతుంది. రేస్‌ట్రాక్ ఉన్నది 3,700 అడుగుల ఎత్తున. కింద టీషర్టుతో తిరిగినవాళ్లు అక్కడ రాత్రి పళ్లు పటపటలాడిస్తూ కూర్చుంటారు. డిసెంబరులో నాలుగున్నర దాటగానే సూర్యుడు కొండల వెనక్కి వెళ్లిపోతాడు కాబట్టి రోజు చాలా చిన్నది. రెండున్నర, మూడు గంటలకల్లా మకాం చేరేలా లెక్క వేసుకోండి.

వాన సంగతి. ఏడాది మొత్తానికి సగటున రెండు అంగుళాలు పడే చోటు ఇది. 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను అవశేషం వచ్చి ఒక్క రోజులోనే 2.2 అంగుళాలు కురిపించింది. రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది. అక్టోబరు 15న తెరిచాక కూడా కొన్ని మట్టిదారులు చాలాకాలం మూసే ఉంచారు. అంటే మీ స్నేహితుడు రెండేళ్ల కిందట హాయిగా వెళ్లొచ్చిన దారి ఇప్పుడు దారిలా ఉండకపోవచ్చు. పార్కువాళ్లు రోజూ రోడ్ల పరిస్థితి, వాతావరణం కలిపి మార్నింగ్ రిపోర్ట్ అని వెబ్‌సైటులో పెడతారు. బయల్దేరే వారం ముందు నుంచి రోజూ చూడండి. అక్కడికి చేరాక ఫర్నెస్ క్రీక్ విజిటర్ సెంటర్లో రేంజరుని మళ్లీ అడగండి. "ఈ బండితో, ఈ టైర్లతో, ఈ దారిలో వెళ్దామనుకుంటున్నాం" అని వివరంగా చెబితే జవాబు కూడా అంత వివరంగానే వస్తుంది. "రోడ్డు బాగుందా?" అని అడిగితే "బండిని బట్టి" అంటారు, అంతే.

రెండో పని: ఒక్క దారి ఎంచుకోవడం

ముందు ఒక మాట సరిచేయాలి. దీన్ని మనవాళ్లందరూ ఆఫ్‌రోడింగ్ అంటారు. ఈ పార్కులో నిజంగా రోడ్డు వదిలి చక్రం పక్కకి దించితే అది నేరం. ఎడారి నేల మీద పడ్డ చక్రాల జాడ ఏళ్ల తరబడి చెరగదు. 2016లో ఎవరో రేస్‌ట్రాక్ మీదికే బండి ఎక్కించి దాదాపు పది మైళ్ల మేర గీతలు పెట్టి పోయారు. మనం చేసేది ఆఫ్‌రోడింగ్ కాదు. పార్కువాళ్లు దారిగా గుర్తించిన మట్టిరోడ్డు మీదే నడపడం, రాత్రి ఆ రోడ్డుని ఆనుకుని ఇదివరకే బండ్లు ఆగిన చోటే ఆపుకోవడం.

ఎక్కడ పడితే అక్కడ పడుకోవడానికి కూడా లేదు. తారురోడ్ల దగ్గర, పగటిపూటకే అనుమతి ఉన్న మట్టిదారుల దగ్గర రాత్రి మకాం నిషిద్ధం. వెస్ట్ సైడ్ రోడ్, టైటస్ కాన్యన్, స్కిడూ, ఆగెర్‌బెరీ పాయింట్ దారులు ఇలాంటివే. దక్షిణాన ఆష్‌ఫర్డ్ మిల్ నుంచి ఉత్తరాన స్టవ్‌పైప్ వెల్స్ దాటేవరకు లోయ అడుగు భాగమంతా కూడా అంతే. నీటి ఊటలకి వంద గజాల లోపు పడుకోకూడదు, ఎందుకంటే చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఆ ఒక్క చెలమే దిక్కు. ఎకో కాన్యన్, హోల్ ఇన్ ద వాల్, కాటన్‌వుడ్, మార్బుల్ కాన్యన్ దారుల్లో రాత్రి ఉండాలంటే పర్మిట్ తీసుకోవాల్సిందే. పర్మిట్ నియమాలు, ఫీజు మారుతుంటాయి కాబట్టి పార్కు సైటులో ఆ వారమే చూసుకోండి. పార్కు ఎంట్రీ వేరే, బండికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

మొదటి రాత్రికి నా ఓటు ఎకో కాన్యన్‌కే. ఫర్నెస్ క్రీక్ నుంచి 190వ నంబరు రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే ఎడమవైపు కనపడే మట్టిదారి అది. మొదటి మైళ్లు గులకరాళ్ల వాగు, తర్వాత దారి కొండల మధ్యకి దూరి సన్నబడుతుంది. గోడలా నిలబడ్డ రాతిలో పెద్ద రంధ్రం ఒకటుంది, నీడిల్స్ ఐ అంటారు, సూది బెజ్జం అన్నమాట. దారి ఆ రాయి కిందనుంచే చుట్టి వెళ్తుంది. మొదటి మైళ్లకి నేల నుంచి బాగా ఎత్తున్న బండి చాలు, ఆ పైన ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ల పని. ఇది అందమైన చోటని చెప్పడం లేదు (అందమైనదే). నేను చెప్పే కారణం వేరు. అక్కడ బండి మొరాయిస్తే, చల్లటి కాలంలో నడిచి చేరగలిగేలా కొన్ని మైళ్లలోనే తారురోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద రోజంతా బండ్లు తిరుగుతాయి. మొదటిసారి తప్పులు చేస్తాం. చేసే తప్పులేవో తారురోడ్డుకి దగ్గర్లోనే చేసేస్తే నయం.

రెండో రాత్రి ఉత్తరాన మెస్కీట్ స్ప్రింగ్ క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టుకోండి. అది మామూలు క్యాంప్‌గ్రౌండే, నీళ్లు, టాయిలెట్లు ఉంటాయి. మర్నాడు పొద్దున్నే అక్కణ్ణుంచి యూబిహీబీ అగ్నిపర్వత గొయ్యి చూసి, బండి, మనుషులు బాగానే ఉంటే రేస్‌ట్రాక్ దారి పట్టొచ్చు. 27 మైళ్లు, రెండు గంటలు. అంటే రానుపోను నాలుగు గంటలు, చూడటానికి ఇంకో రెండు. ఎండిన చెరువు గర్భంలో రాళ్లు వాటంతటవే కదిలి వెనక పొడవాటి గాడులు వదిలి వెళ్లే చోటు అది. దశాబ్దాల పాటు ఎవరికీ అంతుపట్టలేదు. రాళ్లకి జీపీఎస్ పరికరాలు అమర్చిన పరిశోధకులు 2013 డిసెంబరులో అవి కదులుతుండగా కళ్లారా చూసి, 2014లో కారణం ప్రచురించారు. పలచటి నీటి మీద రాత్రి కట్టిన మంచు పలక పొద్దున పగిలి, చిన్న గాలికే రాళ్లని నెట్టుకుంటూ పోతుంది. తడిగా ఉన్నప్పుడు ఆ నేల మీద అడుగు పెట్టొద్దు, మీ పాదాల గుర్తులు కూడా ఏళ్లు ఉంటాయి.

రేస్‌ట్రాక్ దగ్గరే పడుకోవడం రెండో ట్రిప్పుకి అట్టిపెట్టుకోండి. సెలైన్ వ్యాలీ మూడో దానికి.

మూడో పని: బండి, ముఖ్యంగా టైర్లు

ఇక్కడ చాలామంది ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా లేదా అని కూర్చుంటారు. నేను చూసినంతలో ఈ పార్కులో బండ్లని ఆపేసేవి ఎక్కువగా టైర్లే. రేస్‌ట్రాక్ దారి నిండా చాకుల్లాంటి రాళ్లుంటాయి. సిటీ టైర్ల పక్క గోడలు పలచగా ఉంటాయి. పక్క గోడ కోసుకుంటే పంక్చర్ కిట్ ఎందుకూ పనికిరాదు, టైరు మార్చాల్సిందే.

నాకు జరిగింది అదే. అద్దెకి తెచ్చిన ఎస్‌యూవీ, చూడ్డానికి గంభీరంగా ఉంది. టీకెటిల్ జంక్షన్ దాటాక (వచ్చినవాళ్లంతా ఒక బోర్డుకి టీ కెటిళ్లు కట్టి పోయే కూడలి అది) వెనక టైరు పక్క కోసుకుపోయింది. స్టెప్నీ తీసి చూస్తే సైకిల్ టైరుకి అన్నలా ఉంది. జాకీ పెడితే బండి లేవలేదు సరికదా జాకీయే గులకలో కూరుకుపోయింది. చివరికి వెనకాల వచ్చిన జంట ఒక చెక్క ముక్క ఇచ్చారు, దాని మీద జాకీ పెట్టి లేపాం. ఆ చిన్న టైరుతో గంటకి పది మైళ్ల వేగంతో, ఇంకో రాయి తగలకూడదని అనుకుంటూ బయటపడ్డాం. ఆ చెక్క ముక్క విలువ రెండు డాలర్లు ఉంటుందేమో.

కాబట్టి ఇంట్లోనే చేయాల్సినవి ఇవి. స్టెప్నీ బయటికి తీయండి. మిగతా నాలుగు టైర్ల సైజే ఉందా, అందులో గాలి ఉందా చూడండి. వీలైతే అలాంటివి రెండు పట్టుకెళ్లండి. రేస్‌ట్రాక్‌కి వెళ్లేట్టయితే పక్క గోడలు మందంగా ఉన్న, పది ప్లై రేటింగ్ ఆల్ టెరైన్ టైర్లు ఉండాలి. ఇంటి ముందు ఒకసారి టైరు మొత్తం విప్పి మళ్లీ బిగించండి. వీల్ లాక్ నట్టు ఉంటే దాని కీ ఎక్కడుందో ఆ రోజే తెలుస్తుంది. జాకీ కింద వేయడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు మందపాటి చెక్క, పంక్చర్ ప్లగ్ కిట్, బ్యాటరీకి తగిలించే కంప్రెసర్, ప్రెషర్ గేజ్, పార, తోలు గ్లవ్స్, దిగిపోయిన బ్యాటరీని లేపే జంప్ స్టార్టర్ సర్దుకోండి. ఇసుక దారులకైతే చక్రాల కింద వేసే రికవరీ బోర్డులు కూడా. బండిని తాడుతో లాగే విన్చ్ లేదని బాధపడొద్దు, దాన్ని కట్టడానికి ఈ ఎడారిలో చెట్టు ఎక్కడ దొరుకుతుంది?

ఆల్ వీల్ డ్రైవ్ క్రాసోవర్ ఉన్నవాళ్లు ఎకో కాన్యన్ మొదటి మైళ్లు, హోల్ ఇన్ ద వాల్ వంటివి రేంజరుని అడిగి నడపొచ్చు. బండి కింద ఎనిమిది అంగుళాలైనా ఖాళీ ఉంటే నయం. సెడాన్‌తో వద్దు. అద్దె బండి అయితే ఒప్పందం చదవండి. మామూలు అద్దె కంపెనీలు మట్టిరోడ్డు మీద నడపడాన్ని నిషేధిస్తాయి, ఏదైనా అయితే బీమా కూడా చెల్లదు. ఈ పార్కు దారుల కోసమే గట్టి టైర్లు వేసిన జీపులు ఫర్నెస్ క్రీక్‌లో అద్దెకి దొరుకుతాయి. రోజు అద్దె చూస్తే గుండె గుభేల్‌మంటుంది గానీ, లోపలినుంచి బండిని లాక్కొచ్చే టోయింగ్ బిల్లు ముందు అదేం లెక్కలోకి రాదు. ఆ బిల్లు వేల డాలర్లలో ఉండొచ్చు. మామూలు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇలాంటి దారుల్లోకి రాదు.

నాలుగో పని: నీళ్లు, పెట్రోలు

మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అని పార్కువాళ్లు చెప్పేది కనీసం. నా లెక్క ఇలా ఉంటుంది. ఇద్దరు, మూడు రోజులు, ఆరు గ్యాలన్లు. బండి ఆగిపోతే ఇంకో రెండు రోజులు ఎదురుచూడాలి అనుకుని ఇంకో నాలుగు. వంటకి, చేతులకి, అవసరమైతే రేడియేటర్‌కి రెండు. మొత్తం పన్నెండు, అంటే వంద పౌండ్ల బరువు. అన్నీ ఒకే పెద్ద డ్రమ్ములో పోయొద్దు, కుదుపులకి అది పగిలితే కథ ముగిసినట్టే. రెండు మూడు గట్టి క్యాన్లు, కొన్ని చిన్న సీసాలుగా పంచండి. బండిలో కదలకుండా కట్టండి. ఆ గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండాలి. ఉప్పు ఉన్నదేదైనా నములుతూ ఉండండి.

పెట్రోలు పార్కు లోపల ఫర్నెస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్, పానమింట్ స్ప్రింగ్స్ దగ్గర దొరుకుతుంది. ధర బయటికంటే బాగా ఎక్కువ. పొదుపు చేద్దామని సగం ట్యాంకుతో లోపలికి వెళ్లొద్దు. ఫర్నెస్ క్రీక్ నుంచి రేస్‌ట్రాక్ రానుపోను 160 మైళ్ల పైమాటే, మధ్యలో పక్కకి తిరిగితే ఇంకా ఎక్కువ. మట్టిదారిలో తక్కువ గేరులో పాకుతూ పోతే మైలేజీ సగానికి పడిపోతుందని లెక్క వేసుకోండి. సగం ట్యాంకు చూపించగానే వెనక్కి తిరగడం నా నియమం.

తిండి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గిన్నెలు కడగడానికి నీళ్లు ఖర్చు చేయించని తిండి తీసుకెళ్లండి. ఒక పూట పొయ్యి వెలిగించకుండా తినగలిగింది ఉండాలి, గాలి లేచిన రాత్రి స్టవ్ మండదు.

ఐదో పని: ఫోన్ లేదనే అనుకుని సిద్ధం కావడం

ఫర్నెస్ క్రీక్, స్టవ్‌పైప్ వెల్స్ దగ్గర కాస్త సిగ్నల్ వస్తుంది. మట్టిదారుల్లో దాదాపు ఎక్కడా రాదు. ఇక్కడ ఫోన్‌లోని నావిగేషన్‌ని గుడ్డిగా నమ్మడం ప్రాణాంతకం. ఎప్పుడో మూసేసిన గని దారి, వరదకి మాయమైన దారి కూడా దానికి దారులే, పైగా అది "దగ్గరదారి" చూపించడానికి ఉబలాటపడుతుంది. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. దానితోపాటు కాగితం మ్యాప్ ఒకటి కొనండి. నేషనల్ జియోగ్రఫిక్ ట్రైల్స్ ఇల్లస్ట్రేటెడ్ 221వ నంబరు ఈ పార్కుదే. ఎవరో ఒకరు పక్క సీట్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఓడోమీటర్ చూస్తూ ఏ మలుపు దాటామో చెబుతూ ఉండాలి. ఇలా చేస్తే దారి తప్పడం తగ్గుతుంది, నిద్ర కూడా రాదు.

శాటిలైట్ మెసెంజర్ కొనండి, లేదా అద్దెకి తీసుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే వీలుంది. అదీ పనికొస్తుంది గానీ ఆకాశం బాగా కనపడాలి. రెండు నిట్టనిలువు గోడల మధ్య సన్నటి సందులో నిలబడితే కష్టం. బయల్దేరే ముందు ఇంట్లోనే డెమో మోడ్‌లో ఒకసారి వాడి చూడండి. కంగారులో మొదటిసారి నేర్చుకోవడం ఎవరి వల్లా కాదు.

అన్నిటికంటే చవకైన రక్షణ ఇంట్లో వదిలే కాగితం. అందులో బండి రంగు, నంబరు, ఎంతమంది, ఏ రాత్రి ఏ దారిలో, ఎన్నింటికి తారురోడ్డు ఎక్కుతారు, ఎన్నింటిదాకా కబురు లేకపోతే 911కి (అత్యవసర నంబరు) ఫోన్ చేయాలి, ఇవన్నీ రాయండి. ఆ చివరి టైము చాలా ముఖ్యం. "ఆదివారం వచ్చేస్తాం" అంటే ఇంట్లోవాళ్లు సోమవారం మధ్యాహ్నం దాకా తటపటాయిస్తారు. "ఆదివారం రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ చెయ్యి" అంటే చేస్తారు. మధ్యలో ప్లాన్ మార్చుకోవద్దు. పక్కదారి బాగుందని అటు తిరిగారంటే ఆ కాగితానికి అర్థమే పోతుంది.

ఆరో పని: మట్టి మీద నడపడం

తారురోడ్డు దిగిన చోట బండి ఆపి టైర్లలో గాలి తగ్గించండి. మామూలుగా 35 పీఎస్ఐ ఉంటే 25 దగ్గరికి తేవచ్చు. గాలి తగ్గితే టైరు మెత్తబడి రాళ్ల మీద ఒదుగుతుంది, మనుషులకీ కుదుపు తగ్గుతుంది. లోతైన ఇసుకలో 18, 15 దాకా దించుతారు. పదునైన రాళ్ల దారిలో అంత దించితే పక్క గోడ ఉబ్బి రాళ్లకి చిక్కుతుంది, కాబట్టి రేస్‌ట్రాక్ వైపు మరీ తగ్గించకండి.

ఈ దారుల్లో చాలా మేర సిమెంటు రేకుల మీద నడిపినట్టు అడ్డంగా గట్లు గట్లుగా ఉంటుంది, వాష్‌బోర్డ్ అంటారు. వేగం పెంచితే బండి గట్ల పైనే తేలిపోయి కుదుపు తగ్గుతుందని కొందరు చెబుతారు. నిజమే, తగ్గుతుంది. ఆ తేలడంలోనే మలుపు దగ్గర చక్రాలకి పట్టు పోయి బండి పల్టీ కొడుతుంది కూడా. గంటకి పదిహేను, ఇరవై మైళ్లతో ఓపిగ్గా పోవడమే మేలు. అరగంటకోసారి దిగి టైర్లు తాకి చూడండి. మిగతా వాటికంటే వేడిగా ఉన్న టైరులో గాలి దిగుతోందని అర్థం.

ముందు దారి అనుమానంగా ఉంటే ఆపి, దిగి, నడిచి చూసి రండి. నడవడానికి బద్ధకించే దారిలో బండి నడపొద్దు. ఎత్తైన రాయి వస్తే దాన్ని బండి మధ్యలోకి తీసుకోకుండా చక్రాన్ని దాని మీదికే మెల్లగా ఎక్కించండి. ఇసుకలో చక్రం తిరుగుతూ దిగబడుతుంటే వెంటనే కాలు తీసేయండి. ఇంకా తొక్కితే ఇరుసు దాకా పాతేసుకుంటారు. పారతో ముందు ఇసుక తీసి, గాలి ఇంకాస్త తగ్గించి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. ఎదురుగా ఎక్కుతున్న బండి కనపడితే దిగేవాళ్లు దారి ఇవ్వడం మర్యాద.

చీకటి పడ్డాక నడపొద్దు. హెడ్‌లైట్ల వెలుగులో గుంత, నీడ ఒకేలా కనిపిస్తాయి.

ఏడో పని: రాత్రి మకాం

ఎండు వాగు నడుమ గుడారం వేయొద్దు. సమతలంగా, మెత్తటి ఇసుకతో పిలుస్తున్నట్టే ఉంటుంది. ఎక్కడో ఇరవై మైళ్ల అవతల కొండ మీద పడ్డ వాన, మీ నెత్తిన చుక్కలు మెరుస్తుండగానే ఆ వాగులోంచి రావచ్చు. కాస్త ఎత్తుగా, ఇదివరకే బండ్లు ఆగి గట్టిపడిన చోటు చూడండి. కొత్త చోటు చదును చేయకూడదు.

గాలి విషయం ఎవరూ చెప్పరు, అనుభవించాకే తెలుస్తుంది. సాయంత్రం ఆకు కూడా కదలదు, అర్ధరాత్రి గుడారం ముఖం మీదికి వంగుతుంది. మామూలు మేకులు ఇసుకలో నిలవవు. పొడవాటివి కొట్టండి, లేదా తాళ్లని పెద్ద రాళ్లకి కట్టి పొద్దున రాళ్లని తీసిన చోటే పెట్టండి. నేనిప్పుడు బండి వెనక సీట్లు మడిచి లోపలే పడుకుంటున్నాను. గుడారంలో పడుకునే సరదా ఉన్నవాళ్లు కూడా ఆ చోటు ఖాళీగా ఉంచుకోండి.

నెగడు వేయడానికి లేదు. లోపలి ప్రాంతమంతా చలిమంట నిషిద్ధం, కట్టెలు ఏరడమూ నిషిద్ధమే. గ్యాస్ స్టవ్ వాడొచ్చు. మంట లేకపోవడం వల్ల ఒక మేలుంది. ఈ పార్కుకి 2013లో ఇంటర్నేషనల్ డార్క్ స్కై పార్కు గుర్తింపు వచ్చింది. అమావాస్య దగ్గర్లో వెళ్లి, లైట్లన్నీ ఆర్పి ఇరవై నిమిషాలు కళ్లని చీకటికి అలవాటు పడనివ్వండి. పాలపుంత ఎలా ఉంటుందో నేను వర్ణించను.

తిండి సంచులు బయట వదలొద్దు. కాకుల్లాంటి పెద్ద రేవెన్లు జిప్పులు కూడా లాగేస్తాయి, నక్కల్లాంటి కొయోట్ల సంగతి చెప్పక్కర్లేదు. చెప్పులు, బూట్లు వేసుకునే ముందు దులపండి. టాయిలెట్ కోసం వాగ్ బ్యాగులు అని దొరుకుతాయి, వాడి మూటకట్టి బయటికి తెచ్చేయండి. గొయ్యి తవ్వేట్టయితే ఆరంగుళాలైనా లోతుండాలి, నీటికి, దారికి, మకాంకి 200 అడుగుల దూరంలో. కాగితం మాత్రం వెనక్కి తేవాలి, ఎండిన నేలలో అది కుళ్లదు. పాత గని గుహలు కనపడితే బయటినుంచి చూసి వచ్చేయండి. లోపల కుంగిపోయే దూలాలు, కనపడని బావులు ఉంటాయి. పాడుబడ్డ క్యాబిన్లలో ఎలుకల రెట్టలుంటే ఊడ్చి పడుకోవద్దు, ఆ దుమ్ములో హంటావైరస్ ఉండొచ్చు.

బండి ఆగిపోతే

1996 జులైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు పర్యాటకులు, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, అద్దె మినీవ్యాన్‌తో పార్కు దక్షిణ భాగంలో మాయమయ్యారు. టైర్లు చిరిగిపోయిన ఆ వ్యాన్ అక్టోబరులో అన్విల్ కాన్యన్ అనే మారుమూల వాగులో దొరికింది. మనుషుల అవశేషాలు కొన్ని 2009లో గానీ కనపడలేదు, అదీ వ్యాన్‌కి మైళ్ల దూరంలో. వాళ్లు ఎటు వెళ్తున్నదీ ఎవరికీ చెప్పి లేరు.

వెతికేవాళ్లకి గాలిలోంచి ముందు కనపడేది బండి, నడిచే మనిషి కాదు. అందుకని బండి దగ్గరే ఉండండి. శాటిలైట్ మెసేజ్ పంపండి, ఒకవేళ అది పనిచేయకపోయినా ఇంట్లో కాగితం ఉంది కదా. బానెట్ ఎత్తి పెట్టండి, రంగు గుడ్డ ఏదైనా బండి పైన కట్టండి, నీడ కల్పించుకుని కదలకుండా కూర్చోండి. నీళ్లని రేషన్ చేయడం కంటే చెమటని రేషన్ చేయడం ముఖ్యం. నడిచి బయటపడటం నేను ఒప్పుకునేది ఒక్క సందర్భంలోనే. చల్లటి కాలం, పగటి వెలుగు, నాలుగైదు మైళ్ల లోపు తారురోడ్డు, వచ్చిన దారే, చేతిలో సరిపడా నీళ్లు, ఇవన్నీ కలిసి ఉండాలి. అప్పుడు కూడా ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి బయల్దేరారో రాసి వైపర్ కింద పెట్టి వెళ్లండి. ఎకో కాన్యన్‌తో మొదలుపెట్టమన్నది ఇందుకే.

తిరిగొచ్చాక

తారురోడ్డు ఎక్కగానే కంప్రెసర్ తీసి టైర్లలో గాలి మళ్లీ మామూలు స్థాయికి నింపండి. 25 పీఎస్ఐతో హైవే వేగంలో పోతే టైరు వేడెక్కి పేలొచ్చు. నాలుగు టైర్ల లోపలి వైపు చేత్తో తడిమి కోతలున్నాయేమో చూడండి, వీల్ నట్లు ఒకసారి బిగించండి. కుదుపులకి వదులై ఉంటాయి. ఇంటికెళ్లాక బండి కింది భాగం కడిగించండి, ఉప్పు మట్టి ఇనుముని తినేస్తుంది. స్టవ్‌పైప్ వెల్స్ దగ్గర సిగ్నల్ తగలగానే ఫోన్ వరసగా మోగుతుంది. ఆ వంద మెసేజులూ తర్వాత చదవొచ్చు. ముందు కాగితం ఎవరి దగ్గర పెట్టారో వాళ్లకి ఒక్క మెసేజ్ పెట్టండి, తారురోడ్డు ఎక్కేశామని.